ఆ డబ్బాను మళ్లీ తెరిచినవారికి

అందరికీ నమస్కారం. నాన్నకు ఎనిమిదో విడత కీమో పూర్తయింది. తర్వాత తీసిన స్కాన్ రిపోర్టు సోమవారం చేతికి వచ్చింది. అనుమానించాల్సిందేమీ కనిపించలేదని రాశారు. ఇన్ని నెలలుగా ఫోన్లు చేసి అడిగినవారందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే చెబుతున్నాను.

రక్తం ఇచ్చిన ఇద్దరు డిగ్రీ పిల్లలకు, మేం చీరాల నుంచి హైదరాబాదు వెళ్లిన ప్రతిసారీ తెల్లవారుజామునే స్టేషనుకు వచ్చిన బాబాయిగారబ్బాయికి, మా గేదెను తన గేదెలతో కలుపుకుని మేపిన పక్కింటి పిన్నిగారికి ఎదురుగానే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను, మీ రుణం తీరేది కాదు. కానీ ఈ పోస్టు ముఖ్యంగా నేను సరిగా ముఖం కూడా చూడని ఇద్దరి గురించి. ఒకరు ల్యాబ్‌లో పెద్ద డాక్టరుగారు, ఇంకొకరు ఆయన దగ్గర పనిచేసే టెక్నీషియన్.

డిసెంబరులో నాన్నకు ఆపరేషన్ జరిగింది. జీర్ణాశయం కింది భాగంలో గడ్డ. గడ్డతో పాటు జీర్ణాశయంలో చాలా భాగాన్ని, దాని చుట్టూ ఉన్న కొవ్వును, ఆ కొవ్వులో ఉండే లింఫ్ గ్రంథులను కలిపి తీసేశారు. గజ్జల్లోనో మెడ దగ్గరో వాస్తే మనం బిళ్ల కట్టిందంటామే, అవే. పొట్ట లోపలా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. తీసినదంతా ఫార్మలిన్ (కుళ్లిపోకుండా ఉంచే ద్రావణం) పోసిన ప్లాస్టిక్ డబ్బాలో ల్యాబ్‌కు వెళ్లింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. గడ్డ కండరం పొర దాకానే వెళ్లింది, కోసిన అంచుల్లో ఏమీ లేదు, గ్రంథులు 9 చూశాం, ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. ఒకటో దశ, కీమో అక్కర్లేదు, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే చాలన్నారు. అమ్మ ఆ సాయంత్రమే వీధంతా బూందీ లడ్లు పంచింది.

ఎందుకైనా మంచిదని ఒక క్యాన్సర్ డాక్టరమ్మకు కాగితాలు చూపించాం. ఆమె రిపోర్టంతా తాపీగా చదివి, వెనక్కి వచ్చి ఆ 9 కింద పెన్నుతో రెండు గీతలు గీశారు. "తొమ్మిదింటిలో లేదని దీన్నిబట్టి తెలుస్తోంది. మిగతావాటి సంగతి ఏమిటి?" అన్నారు. మిగతావి ఉంటాయని మాకేం తెలుసు! జీర్ణాశయం క్యాన్సర్‌లో కనీసం 16 గ్రంథులు చూడాలట, 30 చూస్తే ఇంకా మంచిదట. గడ్డ ఎంత లోతుకు వెళ్లిందన్నదానితో పాటు, ఎన్నింటికి జబ్బు పాకిందన్న లెక్క మీద కూడా దశ ఆధారపడుతుంది. ఒకటి రెండయితే ఒక మెట్టు, మూడు నుంచి ఆరయితే రెండో మెట్టు, ఏడు, అంతకంటే ఎక్కువయితే మూడోది. అన్నవాహిక క్యాన్సర్‌లోనూ ఈ మెట్లే. తక్కువ గ్రంథులు చూసి సున్నా అని రాస్తే ఆ సున్నాకు బలం ఉండదు. ఇలాంటి ఆపరేషన్ అయినవారు ఇంట్లో ఉంటే రిపోర్టులో ఈ రెండు అంకెలూ వెతకండి. ఎన్ని చూశారు, ఎన్నింటిలో ఉంది. మేము రెండోదే చూసి లడ్లు పంచాం.

ఆపరేషన్ చేసిన సర్జన్‌గారికి ఆమే ఫోన్ చేశారు. కాలేయానికి, ప్లీహానికి వెళ్లే రక్తనాళాల వెంట ఉన్నవన్నీ ఒలిచి పంపాను, గ్రంథులు డబ్బాలోనే ఉండాలి అన్నారాయన. ఆ ల్యాబ్‌లో నెల దాటితే డబ్బాలు పారేస్తారు. మాది ఇరవై నాలుగో రోజు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాను. ఫార్మలిన్ ఘాటుకు కళ్లలో నీళ్లు కారాయి. సగం తెరిచిన తలుపులోంచి ముఖం కనిపించలేదు, తొడుగులు వేసుకున్న రెండు చేతులు మాత్రం కనిపించాయి. పసుపుపచ్చని కొవ్వును ముక్కముక్కగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతున్నాయి. అమ్మకు చెబితే, నానబెట్టిన చింతపండు పిసికేటప్పుడు గింజ కంటికి కనబడదు, వేలికే తగులుతుంది కదా, అలాగేనేమో అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. కొన్ని గ్రంథులు ఆవగింజంతే ఉంటాయి. అలా నలిపాక కూడా తృప్తి లేక, మిగిలిన కొవ్వును పెద్ద డాక్టరుగారు ఒక రాత్రంతా ఆల్కహాలూ ఆసిటిక్ ఆసిడూ కలిపిన ద్రావణంలో నానబెట్టించారట. అందులో గ్రంథులు సున్నపు చుక్కల్లా తెల్లగా కనబడతాయని తర్వాత ఫోన్‌లో చెప్పారు.

ఇంకో 14 దొరికాయి. మొత్తం 23. కొత్తవాటిలో రెండింటికి జబ్బు పాకింది. అందులో ఒకటి 3 మిల్లీమీటర్లు.

రెండో దశ, కీమో తప్పదు అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి వీళ్లిద్దరి మీదా నాకు కృతజ్ఞత కలగలేదు. వెతక్కుండా ఉంటే బాగుండేదన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. అమ్మ లడ్ల మాట తలుచుకుని ఏడ్చింది. నాన్నే, "ఉన్నది ఎవరూ పెట్టలేదుగా, ఉన్నదే కనబడింది" అని పక్కకు తిరిగి పడుకున్నారు. మొదటి రిపోర్టు రాసినవారి మీద కోపం రాలేదని చెప్పను. ఒక్కరే రోజంతా వరసగా ఎన్నో డబ్బాలు చూడాల్సి వస్తుందని విన్నాక కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

మూడు వారాలకోసారి ఇంజెక్షన్, మధ్యలో పద్నాలుగు రోజులు మాత్రలు, అలా ఎనిమిది సార్లు. ఆ ఇంజెక్షన్ పడ్డాక చల్లటిది తాకితే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేవి. రోహిణి కార్తెలో ఊరంతా కుండనీళ్లు తాగుతుంటే మా నాన్న మజ్జిగ గోరువెచ్చగా చేయించుకుని తాగారు. ఇప్పటికీ రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తింటున్నారు. నిన్న ఒకటిన్నర ఇడ్లీ తిని, మిగతా సగం ఎందుకు వదిలేశారని అడిగితే నన్నే కోప్పడ్డారు. కోప్పడే ఓపిక వచ్చిందని అమ్మ మురిసిపోయింది.

పెద్ద డాక్టరుగారూ, ఆ రోజు మీ ఫోన్ వచ్చినప్పుడు నేను సరిగా మాట్లాడలేదు, మన్నించండి. టెక్నీషియన్‌గారూ, మీ పేరు కూడా అడగలేదు, మీ చేతులు మాత్రం గుర్తున్నాయి. వచ్చే నెల పదో తేదీన పరీక్షలకు వస్తున్నాం. అమ్మ మీ ఇద్దరికీ చెరో జాడీ గోంగూర పచ్చడి పెట్టింది. ల్యాబ్‌లోకి తినేవి తేకూడదని తెలుసు, కింద రిసెప్షన్‌లో ఇచ్చి వెళతాను. జాడీలు తిరిగి ఇవ్వక్కర్లేదు.