దసరాకు మొకాసిన్లు ఇవ్వలేకపోతున్నాను

మొకాసిన్ షూస్‌కు అడ్వాన్స్ ఇచ్చిన ముప్పై ఎనిమిది మందికీ ముందుగా క్షమాపణ. దసరాకు ఇస్తానని మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను.

సరుకు రాక కాదు. మంగళవారమే నలభై జతలు దిగాయి. మొదటి పెట్టె తెరిచి షూ లోపలికి చెయ్యి పెట్టగానే తేడా తెలిసిపోయింది. అసలైన మొకాసిన్‌లో ఒకే తోలు పాదం కింద నుంచి రెండు పక్కలకూ మడిచి పైకి వస్తుంది. వేళ్ల మీద ఇంకో ముక్క పెట్టి, మిగులు తోలును కుచ్చులు పోస్తూ చేత్తో కుడతారు. లోపల వేలు పోనిస్తే అడుగుకూ పక్కకూ మధ్య అతుకు తగలదు. వీటిలో తగిలింది. ఒక జత విప్పదీశాను. అట్ట, జిగురు. పైన కుచ్చులన్నీ చూపుకే.

నాలుగేళ్లుగా మనకు కుట్టిచ్చే ఆయనకు ఫోన్ చేస్తే, "పైకి ఎవరికి తెలుస్తుందండీ, లోఫర్లని చెప్పి అమ్మెయ్యండి" అన్నారు. లోఫర్లంటే లేసులు లేకుండా తొడుక్కునే షూస్. ఆ మాటకు మనసు విరిగిపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు. లోఫర్లని రాసి సగం ధరకు ఇస్తే అబద్ధమేమీ కాదు, నా పెట్టుబడీ చాలావరకు బయటపడుతుంది. ఇంట్లోనూ అదే అన్నారు. కానీ మీరు అడిగింది అవి కాదు.

పేరు మీద ఇంత పట్టింపేమిటి అనకండి. ఉత్తర అమెరికా ఆదివాసుల అల్గాంక్వియన్ భాషల్లో ఆ మాటకు కాలి జోడు అనే అర్థం. వాళ్లలో ఒజిబ్వే తెగవాళ్లు 'మకిజిన్' అంటారు. ఇంగ్లీషులోకి వెళ్లాక ఒక విషసర్పానికీ, జోడు ఆకారంలో పూసే అడవి పువ్వుకీ కూడా అదే పేరు పడింది. ఒజిబ్వే అన్న పేరే ఆ కుచ్చుల కుట్టును బట్టి వచ్చిందని ఒక వివరణ కూడా ఉంది. అంతటి కుట్టును జిగురుతో సరిపెడితే ఆ పేరు నా షాపులో నేను పలకను.

విప్పిన జత పోను మిగతా ముప్పై తొమ్మిది జతలూ వెనక్కి పంపేశాను. నేను కట్టిన డబ్బు వస్తుందో రాదో. మీ అడ్వాన్స్ మాత్రం ఈ శనివారం లోపు మీ ఖాతాల్లో పడుతుంది. ఆగుతామన్నవాళ్లకు సంక్రాంతికి ఇస్తాను. కొత్తగా కుట్టే పెద్దాయన రోజుకు రెండు జతలే చేయగలరు, తొందర పెట్టను. పాత జతల్లో కుట్టు ఊడితే ఎప్పటిలాగే ఉచితంగా వేసిస్తాం.

విప్పిన జత కౌంటర్ మీదే ఉంచాను. వచ్చినప్పుడు మీరే వేలు పెట్టి చూడండి.