చిన్నాకు, ట్రిగర్ మీద వేలు పెట్టక ముందు

కడప
ఆదివారం

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

రివాల్వర్ మ్యాచ్‌లలో దిగాలని ఉందని రాశావు. దిగు. నాకు అభ్యంతరం లేదు, మీ నాయనకూ లేదు. జేజికి మాత్రం మేము చెప్పలేదు, నువ్వే వచ్చి పక్కన కూర్చుని చెప్పు. మన సీమలో తుపాకీ అనే మాట వింటే ఆ వయసువాళ్లకు గుర్తొచ్చే సంగతులు వేరే. ఇది కాగితం మీద అచ్చేసిన గుండ్రాల ఆట అని ఆమెకు ఒక టార్గెట్ చూపించి చెబితే అర్థమవుతుంది. అందుకే ఇంకో మాట. చేతిలో గన్ పట్టుకున్న ఫోటో ఒక్కటి కూడా స్టేటస్‌లో పెట్టొద్దు. పెళ్లిలోనో జాతరలోనో గాల్లోకి కాల్చేవాళ్ల పక్కన నిలబడొద్దు. అట్లా కాల్చి ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2019లో ఆయుధాల చట్టంలో చేర్చారు.

నువ్వు అనుకుంటున్న పోటీ పేరు 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో రివాల్వర్‌కు విడిగా పోటీ లేదు, ఈ పోటీలోనే రివాల్వరూ పట్టొచ్చు, సెమీ ఆటోమేటిక్ పిస్టలూ పట్టొచ్చు. ఒలింపిక్స్‌లో ఇది లేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, మన నేషనల్స్‌లో ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఇందులోనే 600కు 590 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మొత్తం 60 షాట్లు. మొదటి 30 ప్రెసిషన్: ఐదేసి షాట్ల సిరీస్‌లు ఆరు, సిరీస్‌కు 5 నిమిషాలు. తర్వాతి 30 ర్యాపిడ్: టార్గెట్ 3 సెకన్లు కనబడుతుంది, 7 సెకన్లు మాయమవుతుంది. కనబడిన ప్రతిసారి ఒక్క షాట్ మాత్రమే. షాట్‌కు షాట్‌కు మధ్య చేయి కిందికి దించి, నిటారు గీతకు 45 డిగ్రీల లోపలే ఉంచాలి. అంతా ఒంటి చేత్తోనే.

రివాల్వర్ ఈ పోటీలో నిలబడగలిగేది ఆ 7 సెకన్ల వల్లే. ఆ ఖాళీలో బొటనవేలితో హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లాగి పెట్టుకుంటే ప్రతి షాటూ సింగిల్ యాక్షన్‌లో వస్తుంది. ట్రిగర్ కొద్దిగా కదిలి, గాజుముక్క విరిగినట్టు పడుతుంది. హ్యామర్ లాగకుండా ట్రిగర్‌తోనే అంతా లాగితే అది డబుల్ యాక్షన్: దూరం ఎక్కువ, బరువు నాలుగైదు కిలోల దాకా. 10 సెకన్లలో ఐదు షాట్లు వేయాల్సిన స్టాండర్డ్ పిస్టల్ పోటీలో రివాల్వర్ వెనకబడేది ఇక్కడే, దాని జోలికి పోవద్దు.

కానీ చిన్నా, ఇప్పుడే రివాల్వర్ కాదు. నీకు 19. సొంత లైసెన్స్‌కు 21 నిండాలి. అనుమతి ఉన్న సంఘం రేంజ్‌లో కోచ్ కళ్లముందు సాధన చేయడం వేరు, ఆయుధం నీ దగ్గర పెట్టుకోవడం వేరు. ఈ రెండేళ్లూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పట్టు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదు, మ్యాచ్ ఎయిర్ పిస్టల్ శక్తి దానికంటే చాలా తక్కువ. బిల్లు మాత్రం భద్రంగా ఉంచు, హాస్టల్ గదికి తేవద్దు, రేంజ్ లాకర్లోనే ఉండాలి. మొదటి ఆరు నెలలు క్లబ్బు పిస్టలే చాలు. సొంతంగా మంచి విదేశీ పిస్టల్ కొనాలంటే లక్ష దాటుతుంది. ఆ డబ్బు నీ స్కోరు చూశాకే ఇస్తాను.

ఎయిర్ పిస్టల్‌లో ట్రిగర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, సెంటర్ ఫైర్‌లో కనీసం 1,000. ముందు తేలికదాని మీద వేలికి పని నేర్పాలి, తర్వాత బరువైనదాని మీద. రివాల్వర్‌తో మొదలుపెట్టినవాళ్లు పేలుడుకు, వెనక్కి తన్నే దెబ్బకు ముందే చెయ్యి బిగపట్టడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు పోగొట్టడానికి మళ్లీ ఎయిర్ పిస్టల్ దగ్గరికే రావాలి. పెల్లెట్ (సీసపు గుండు) బ్యారెల్ దాటేదాకా చేయి కదలకుండా ఉండటం అక్కడే వస్తుంది. గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూసుకో, 10 ఏళ్లు దాటితే మ్యాచ్‌లో ఒప్పుకోరు.

ఒక లెక్క రాస్తాను, దీన్ని నోటుబుక్ మొదటి పేజీలో రాసుకో. గన్ మీద గురి చూసే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య 220 మిల్లీమీటర్లు ఉందనుకో (25 మీటర్ల పిస్టళ్లకు నియమం ఒప్పుకునే గరిష్ఠం అదే). చేయి మొత్తం ఒక మిల్లీమీటర్ ఊగితే టార్గెట్ మీద తేడా కూడా ఒక మిల్లీమీటరే. అదే ముందు సైట్ వెనక సైట్ గాడిలో ఒక మిల్లీమీటర్ పక్కకు జరిగితే 25 మీటర్ల దగ్గర 11 సెంటీమీటర్ల పైనే తప్పుతుంది. ప్రెసిషన్ టార్గెట్‌లో పది గుండ్రం వ్యాసం 5 సెంటీమీటర్లే కాబట్టి తూటా నల్లది దాటి తెల్లలో ఆరు మీద పడుతుంది. కాబట్టి చూపు టార్గెట్ మీద కాదు, ముందు సైట్ అంచు మీద ఉండాలి. టార్గెట్ మసకగా కనబడాలి. నల్ల గుండ్రం కింద కొంత తెల్ల జాగా వదిలి, ఆ జాగాలో చేయి ఊగనీ. ఊగకుండా ఆపాలని చూసేవాళ్లే ట్రిగర్ కొడతారు. ఊగుతుండగానే నెమ్మదిగా నొక్కుతూ పోవాలి.

నువ్వు ఎడమచేతివాడివి, కాబట్టి కోచ్‌లు చెప్పే లెక్కలు తిరగేసి చదువుకో. ట్రిగర్ ఒక్కసారిగా గుంజితే కుడిచేతివాళ్లకు తూటా ఎడమ కిందికి పోతుంది, నీకు కుడి కిందికి పోతుంది. మడమతో తోసినట్టు అరచేయి అడుగున ఒత్తితే వాళ్లకు కుడి పైకి, నీకు ఎడమ పైకి. టార్గెట్ మీద రంధ్రాల గుంపు దగ్గరగా ఉండి మొత్తం ఒక పక్కకు జరిగితే సైట్ తిప్పు. చెల్లాచెదురుగా ఉంటే సైట్ ముట్టుకోవద్దు, తప్పు వేలిది. ముందు నీ ఏ కన్ను బలమైనదో చూసుకో: రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, అందులోంచి దూరంగా తలుపు గొళ్లెం చూడు. ఒక్కొక్క కన్నూ మూస్తే ఏ కంటికి గొళ్లెం సందులోనే ఉంటుందో అది నీ కన్ను. అది కుడిదైతే నాకు రాయి, అప్పుడు నిలబడే తీరు మార్చాలి.

రేంజ్ దగ్గరే ఒక గదిలో రోజూ 20 నిమిషాలు డ్రై ఫైర్ (ఖాళీ గన్‌తో ట్రిగర్ నొక్కే సాధన) చెయ్యి, వారానికి ఆరు రోజులు. పెల్లెట్ లేకుండా, ఏ గుర్తూ లేని తెల్లగోడ వైపు. ట్రిగర్ పడిన క్షణంలో ముందు సైట్ కదిలిందా లేదా అన్నదొక్కటే చూడాలి. ఆ గదిలో పెల్లెట్లు, తూటాలు ఉండకూడదు, తలుపు గడియ వేసి ఉండాలి. సెలవుల్లో ఇంటికొచ్చి మిద్దె మీద 10 మీటర్లు కొలిచి కాల్చాలనుకుంటే పెల్లెట్లను ఆపి పట్టే పెట్టె (పెల్లెట్ ట్రాప్) లేకుండా కుదరదు. మన గోడలు, నేల అంతా కడప బండలు. సీసం పెల్లెట్ బండకు తగిలితే చిట్లి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి, మెట్ల తలుపుకు లోపల గడియ ఉండాలి. లైవ్ షూటింగ్ రోజున 60 షాట్లు చాలు. ప్రతి షాట్ తర్వాత స్క్రీన్ చూడకముందే అది ఎక్కడ పడిందో నువ్వే నోటుబుక్‌లో రాయాలి. నువ్వు రాసిందీ స్క్రీన్ చూపిందీ కలవడం మొదలైన రోజున మ్యాచ్‌కు పేరు ఇద్దాం, అంతకు ముందు వద్దు.

21 వచ్చాక లైసెన్స్ దరఖాస్తు ఇక్కడే, మన జిల్లా కలెక్టర్‌కు. శాశ్వత చిరునామా ఇక్కడిదే కాబట్టి పోలీసు విచారణ మన ఇంటికే వస్తుంది. ఆయుధం భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ జతచేయాలి, సంఘం సభ్యత్వం కాగితాలు కూడా సిద్ధంగా పెట్టుకో. లైసెన్స్ గడువు ఐదేళ్లు. జిల్లా సంఘం, రాష్ట్ర ఛాంపియన్‌షిప్, తర్వాత మావలంకర్ పోటీలు, అక్కడ అర్హత స్కోరు వస్తే నేషనల్స్. దారి ఇదే, దగ్గరి దారి లేదు.

ఇక రివాల్వర్. మన దగ్గర మామూలుగా లైసెన్స్ మీద దొరికేది .32 బోరు, ప్రభుత్వ ఆయుధ కర్మాగారం (ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ) చేసేది. బ్యారెల్ మూడు అంగుళాలు, ఆత్మరక్షణకు చేసింది. దాంతో మ్యాచ్ ఆడతానని అనుకోవద్దు. మ్యాచ్ రివాల్వర్‌కు సర్దుబాటు చేసుకునే సైట్లు ఉండాలి, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు మించకూడదు, బరువు 1,400 గ్రాములు దాటకూడదు. ఆరు అంగుళాల బ్యారెల్ 152.4, అంటే నియమానికి సరిగ్గా సరిపోతుంది. తూటా .32 వాడ్‌కట్టర్ అడుగు. సీసపు ముక్కు చదునుగా ఉండి కేసు (తూటా గొట్టం) అంచుతో సమానంగా కూర్చుంటుంది, కాగితంలో పంచ్ కొట్టినట్టు గుండ్రని రంధ్రం పడుతుంది. సూదిముక్కు తూటా కాగితాన్ని చించుతుంది, గీత తాకిందా లేదా అన్న గొడవ వస్తుంది. తూటాలు నింపే సిలిండర్‌లో ఆరు గదులున్నా మ్యాచ్‌లో ఐదే నింపాలి.

సెకండ్ హ్యాండ్ రివాల్వర్ చూస్తే ఇవి చూడు. ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే. హ్యామర్ లాగి, ట్రిగర్ నొక్కి పట్టుకుని, సిలిండర్‌ను వేళ్లతో పక్కకు కదిపితే దాదాపు కదలకూడదు. ఎక్కువ కదిలితే గది, బ్యారెల్ ఒక వరుసలో నిలవడం లేదన్నమాట. తూటా బ్యారెల్ అంచుకు గీసుకుని సీసం పక్కనుంచి చిమ్ముతుంది, స్కోరులో కారణం తెలియకుండా ఏడు పాయింట్ల షాట్లు వస్తాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలువు. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు మంచిది. మరీ సన్నగా ఉంటే నాలుగు సిరీస్‌లు కాల్చేసరికి మసి పేరుకుని సిలిండర్ తిరగదు. ఆ సందులోంచి మంట, సీసపు పొడి పక్కలకు వస్తాయి, అక్కడ వేలు పెడితే గాయమవుతుంది. ట్రిగర్ తేలిక చేయాలని మెయిన్ స్ప్రింగ్ స్క్రూ వదులు చేసిన గన్ కొనొద్దు, హ్యామర్ బలం చాలక తూటా అడుగున ఉండే ప్రైమర్ పేలదు.

కాల్చాక కేసులు దులిపేటప్పుడు మూతి పైకెత్తి దులుపు. కిందికి పెట్టి దులిపితే కాలని మందు గింజలు ఖాళీ కేసులను బయటికి తోసే ఎజెక్టర్ నక్షత్రం కింద చేరతాయి. రెండు గింజలు చాలు, సిలిండర్ బిగుసుకోవడానికి. అక్కడ నూనె రాయొద్దు, పొడి బ్రష్ చాలు. ఎజెక్టర్ కడ్డీ బిగువుగా ఉందో లేదో ప్రతి రోజూ వేలితో చూడు, అది వదులైతే సిలిండర్ తెరుచుకోదు. సినిమాల్లోలాగా మణికట్టు విదిలించి సిలిండర్ మూయడం నా కంటపడకూడదు, దాన్ని మోసే క్రేన్ వంగితే తిరిగి సరిచేయడం కష్టం. నువ్వు ఎడమచేత్తో పట్టుకుంటావు కాబట్టి సిలిండర్ తెరిచే బటన్‌ను చూపుడువేలితో నొక్కు. అప్పుడు ఆ వేలు ట్రిగర్ మీద ఎలాగూ ఉండదు.

శబ్దం పేలవంగా వచ్చి, తన్ను తక్కువగా అనిపిస్తే ఆగిపో. తూటా బ్యారెల్లో ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. మ్యాచ్‌లో గన్ మొరాయిస్తే మూతి టార్గెట్ వైపే ఉంచి, రెండో చేయి ఎత్తి, రిఫరీ వచ్చేదాకా ఏదీ తెరవొద్దు. నువ్వే తెరిస్తే తప్పు గన్‌దైనా నీ ఖాతాలో పడుతుంది, కాల్చని షాట్లు సున్నాలే. హ్యామర్ పూర్తిగా లాగకపోవడం, ఒక గది నింపడం మర్చిపోవడం నీ తప్పులే, వాటికి మళ్లీ కాల్చనివ్వరు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ అంతటి అమ్మాయికి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ పాడై విలువైన నిమిషాలు పోయాయి. కాబట్టి విడి స్ప్రింగులు, స్క్రూడ్రైవర్లు పెట్టెలో ఎప్పుడూ ఉండాలి.

మన ఎండకు ముందు సైట్ తళతళమని మెరుస్తుంది, మెరిసే పక్కకు కన్ను మోసపోతుంది. కర్పూరం వెలిగించి ఆ పొగను సైట్ మీద పట్టు, నల్లగా మసి పడుతుంది, మెరుపు పోతుంది. గన్ ఖాళీగా, తూటాలు వేరే గదిలో ఉన్నప్పుడే ఆ పని. చెవులకు ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ పెట్టుకో. రేంజ్‌లో ఏమీ తినొద్దు, వచ్చాక చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టు. తూటా కాల్చిన పొగలో సీసం ఉంటుంది.

నీ ఎడమచేతి కొలత కావాలి. తెల్లకాగితం మీద అరచేయి పరిచి, వేళ్లు కొద్దిగా విడదీసి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీసి పంపు. మధ్యవేలి కొస నుంచి మణికట్టు గీత దాకా ఎన్ని మిల్లీమీటర్లో కింద రాయి. ఎడమచేతి గ్రిప్‌లు క్లబ్బులో ఉండటం అరుదు, చెక్కది ముందే చెప్పి తెప్పించాలి. కొలత వచ్చిన రోజే పని మొదలుపెడతాను.

మీ అమ్మ