ప్రింటర్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే ఎంత టెన్షన్‌లో ఉన్నావో తెలిసిపోయింది. షాపు తెరిచి వారం కాలేదు, హాల్ టికెట్ల కోసం పిల్లలు బయట నిలబడ్డారు, ప్రింట్ కొడితే ఉలుకూ పలుకూ లేదు! నీ కంగారులో సగం మాటలు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ప్రింటర్ ఆగగానే వైర్లన్నీ పీకెయ్యకు. తప్పు ఎటువైపు ఉందో ముందు తేల్చుకో. అద్దం మీద ఏదో ఒక కాగితం పెట్టి, ప్రింటర్‌కున్న కాపీ బటన్ నొక్కు. జిరాక్స్ శుభ్రంగా వచ్చిందంటే గొడవ కంప్యూటర్‌లోనో, కేబుల్‌లోనో, వైఫైలోనో ఉన్నట్టు. రాలేదంటే కంప్యూటర్ జోలికే పోవద్దు.

నువ్వు చెప్పినదాన్నిబట్టి ప్రింట్ క్యూలో, అంటే ప్రింట్ కోసం వరసలో ఉన్న ఫైళ్లలో, ఒకటి ఇరుక్కుంది. డిలీట్ కొట్టినా అది కదలదు, వెనకున్నవాటిని కదలనివ్వదు. స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని కొట్టి తెరిచి, అందులో ప్రింట్ స్పూలర్‌ని (ఫైళ్లని వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపేది అదే) స్టాప్ చెయ్యి. తర్వాత సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అని వరసగా ఫోల్డర్లు తెరుచుకుంటూ వెళ్లు. చివరి ఫోల్డర్‌లోని ఫైళ్లు మాత్రమే తీసెయ్, ఫోల్డర్‌ని ముట్టుకోకు. మళ్లీ స్పూలర్‌ని స్టార్ట్ చేస్తే చాలు.

షట్‌డౌన్ చేసి ఆన్ చేశానన్నావు కదా, అది సరిపోదురా. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పాత స్థితిని కొంత డిస్క్‌లో దాచుకుని మళ్లీ దాన్నే తెరుస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

ఇక పేపర్ జామ్. పోయిన శ్రావణంలో నా ప్రింటర్ రోజుకు నాలుగుసార్లు పేపర్ పట్టేసింది. రోలర్ మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. మనసొప్పక ట్రే లాగి టార్చి వేసి చూశాను. నల్లగా ఉండాల్సిన రబ్బరు రోలర్, కాగితపు దుమ్ము పట్టి బూడిదరంగుకి తిరిగి, వేలు పెడితే జారిపోతోంది. నూలుపోగులు రాలని గుడ్డ తడిపి, గట్టిగా పిండి, రోలర్‌ని మెల్లగా తిప్పుతూ తుడిచాను. ఆరాక పెడితే పేపర్ ఒక్కొక్కటే లాగింది! రోలర్ ఇప్పటికీ అదే. వానాకాలం రీము విప్పి వదిలేయకు, చెమ్మకి కాగితాలు అతుక్కుని రెండేసి వెళ్తాయి. ఇరుక్కున్న కాగితాన్ని స్విచ్ కట్టేసి, రెండు చేతులతో, అది వెళ్లే దారిలోనే లాగు. గోరంత ముక్క లోపల మిగిలినా 'జామ్' అంటూనే ఉంటుంది. నీది లేజర్ కాబట్టి వెనకవైపు ఫ్యూజర్, అంటే వేడితో పొడి ఇంకుని కాగితానికి అంటించే భాగం, కాలుతుంది, చల్లారేదాకా ఆగు. ఆ ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించొద్దు, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టు.

స్క్రీన్ రాకుండా బీప్ కొడుతోందన్న ఆ పాత కంప్యూటర్‌ని తూకానికి అమ్మకురా. ర్యామ్ అనే మెమరీ పట్టీ ఊడదీసి, దాని బంగారురంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించి చూడాలి. వచ్చే ఆదివారం నేనే వస్తా, అప్పటిదాకా దాన్ని తెరవకు.

ఉంటాను మరి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బెంచిమేట్