కొత్త ఆర్డర్లు పెట్టే ముందు

అందరికీ నమస్కారం. మనది చిన్న గార్డెనింగ్ కంపెనీయే. అయినా మనం కొనే రాతి పలకలు, రబ్బరు గ్లోవ్స్ ఎవరి కష్టంతో వస్తున్నాయో తెలుసుకోవాలి. రాజస్థాన్ ఇసుకరాయి క్వారీల్లో అడ్వాన్సు అప్పు తీరక ఏళ్ల తరబడి వెట్టిచాకిరీలో మగ్గిన కుటుంబాలున్నాయి. మలేషియా గ్లోవ్స్ ఫ్యాక్టరీల్లో ఏజెంట్లకు కట్టడానికి చేసిన అప్పులతో వలస కార్మికులు ఇరుక్కుపోయారు.

అందుకే సప్లయర్‌ని సూటిగా అడగండి: ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుల దగ్గర డబ్బు తీసుకున్నారా? వాళ్ల పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయి? జీతం నేరుగా వాళ్ల చేతికే అందుతోందా? ధర మరీ తక్కువగా ఉంటే సంబరపడిపోకుండా ఎందుకో కనుక్కోండి.

డెలివరీకి వచ్చిన మనిషి ప్రతి మాటకూ మేస్త్రీ వైపు చూస్తూ బెదురుతుంటే నాకు విడిగా చెప్పండి. అక్కడికక్కడే మేస్త్రీని నిలదీయొద్దు, ఆ కోపం కార్మికుడి మీదే తీర్చుకుంటారు.