56-12 అని ముద్ర ఉన్నంత మాత్రాన మీ చేతికి ఇవ్వలేను

వానలు మొదలయ్యేలోపు ఇస్తానన్న శాండ్ వెడ్జ్‌లు (ఇసుకలోంచి బంతి లేపే గోల్ఫ్ కర్రలు) ఇవ్వడం లేదు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. ఇప్పటికే కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు, కొందరు మొహమాటపడి అడగడం లేదని కూడా నాకు తెలుసు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళందరికీ డబ్బు వెనక్కి వేస్తాను, లేదు ఆగుతామంటే కొత్త హెడ్‌లు వచ్చాక ఇస్తాను, ఏది కావాలో ఒక మెసేజ్ పెట్టండి చాలు. ధర సంగతీ తేదీ సంగతీ కింద రాశాను. కానీ అసలు ఏం జరిగిందో మీకు పూర్తిగా చెప్పకుండా డబ్బు మాత్రం తిరిగి పంపించి ఊరుకోవడం నాకు చేతకాదు, మీలో చాలామంది మొదటి వెడ్జ్ నా దగ్గర కొన్నాక ఇంకో చోటికి పోలేదు.

మా షాపు ముందువైపు క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు. గోల్ఫ్ బెంచ్ వెనక గదిలో ఉంటుంది. నెల్లూరులో గోల్ఫ్ ఏందయ్యా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆడేవాళ్ళున్నారు. కృష్ణపట్నం పోర్టులో, ఆ పక్క ప్లాంట్లలో పనిచేసే ఇంజినీర్లు, ఆదివారం తెల్లవారకముందే కారెక్కి చెన్నై వెళ్ళి నందనంలో ఆడి సాయంత్రానికి ఇంటికి చేరే డాక్టర్లు, హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ కొరియర్‌లో క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) పంపించేవాళ్ళు. వాళ్ళకి గ్రిప్పులు మారుస్తాను, లాఫ్ట్, లై అనే హెడ్ కోణాలు సరిచేస్తాను, వెడ్జ్‌లు మాత్రం సొంతంగా కట్టి ఇస్తాను. ఫోర్జ్ చేసిన మెత్తటి కార్బన్ స్టీల్ హెడ్ బయట కొని, మనిషిని బట్టి షాఫ్ట్ (కడ్డీ) వేసి, బరువు చూసి, చివర్లో షాపు ముద్ర కొడతాను. ఇప్పుడు గొడవంతా హెడ్ మీద ముందే కొట్టి వచ్చే అంకెల ముద్ర మీద.

వెడ్జ్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది లాఫ్ట్, ఫేస్ (బంతికి తగిలే ముఖం) ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేది. పిచింగ్ వెడ్జ్‌కి 44 నుంచి 48 డిగ్రీలు, గ్యాప్ వెడ్జ్‌కి 50, 52, శాండ్ వెడ్జ్‌కి 54, 56, లాబ్ వెడ్జ్ అయితే 58, 60, ఆ పైన. దీన్ని అందరూ చూస్తారు. రెండోది బౌన్స్. దీన్ని సగంమంది పట్టించుకోరు, కానీ బంకర్లో (కోర్సులోని ఇసుక గుంటలో) మీ పరువు ఉంటుందా పోతుందా అనేది దీని మీదే ఉంది. సోల్, అంటే హెడ్ అడుగు, దాని వెనక భాగం ముందు అంచుకన్నా ఎంత కిందికి దిగి ఉందో చెప్పే కోణం అది. బౌన్స్ ఎక్కువుంటే సోల్ ముందుగా నేలకు ఆని జారుతుంది, అంచు గుచ్చుకోదు, అందుకే ఇసుకలోనూ తడి గడ్డిలోనూ మెత్తటి నేలలోనూ అదే మనల్ని కాపాడుతుంది. తక్కువుంటే అంచు బంతి కిందికి తేలిగ్గా దూరుతుంది, ఎండి గట్టిపడిన నేలమీద అది మేలు. గట్టి నేలమీద 14 బౌన్స్ పట్టుకుని చిప్ (దగ్గర్నుంచి చిన్న షాట్) చేయబోతే సోల్ ఎగిరి అంచు వచ్చి బంతి నడుముకి తగులుతుంది, బంతి గ్రీన్ (జెండా ఉన్న నున్నటి గడ్డి) దాటి అవతల పడుతుంది. చాలామంది తమ స్వింగ్ బాగాలేదని బాధపడేది ఇట్లాంటి చోటే.

మనకు వేసవిలో నేల బండబారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరునీ చెన్నైనీ కలిపి నానబెడతాయి. ఆ మూడు నెలల కోసమే 56 లాఫ్ట్, 12 బౌన్స్ అని ఆర్డర్ పెట్టాను. వచ్చిన పార్సిల్ విప్పితే హెడ్‌లు చూడముచ్చటగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే పాత లాట్ కన్నా బాగున్నాయి. పైఅంచు సన్నగా ఉంది, బంతి వెనక పెట్టి చూస్తే ముందు అంచు గుండ్రం కంటికి హాయిగా ఉంది, గ్రూవ్స్ (ఫేస్ మీది గీతలు) శుభ్రంగా కోశారు. అడుగున 56-12 అని ముద్ర లోతుగా, నిటారుగా ఉంది.

గేజ్‌లో (కోణాలు కొలిచే సాధనంలో) బిగించకముందు నేను చేసే పని ఒకటుంది. హెడ్‌కి షాఫ్ట్ తొడిగి గాజు పలక మీద నిలువుగా నిలబెట్టి, ముందు అంచు కిందికి రూపాయి బిళ్ళ తోస్తాను. 12 బౌన్స్ ఉంటే బిళ్ళ ఏ అడ్డూ లేకుండా లోపలికి పోతుంది. ఈసారి పోలేదు. ఇంకో హెడ్ పెట్టాను, అంచు బిళ్ళకి తగిలి గీసుకుంది. గేజ్‌లో పెడితే ఒకటి 6 చూపించింది, ఒకటి 5, ఒకటి 8. లాఫ్ట్ మాత్రం అన్నిటికీ 56 కరెక్టుగా ఉంది. అంటే ఫోర్జింగ్ బాగానే చేశారు, సోల్ గ్రైండ్ చేసిన మనిషి మాత్రం కొలత లేకుండా, చేతికి వచ్చినంత అరగదీసి వదిలేశాడు.

గేజ్ ఒక్కటే చూసి మాట అనడం ఇష్టం లేక రెండిటికి షాఫ్ట్ బిగించి పెన్నలోకి తీసుకెళ్ళాను. పాత లాట్ వెడ్జ్‌తో కొడితే ఇసుక పలచటి పొరగా లేచింది, బంతి దాని మీద తేలి వచ్చి అనుకున్న చోట పడింది. కొత్తదానితో అదే స్వింగ్ వేస్తే హెడ్ ఇసుకలో దిగబడి ఆగిపోయింది, మోచేతి దాకా అదురొచ్చింది, బంతి ఉన్న గుంటలోంచి బయటికి కూడా రాలేదు. తర్వాత కోవూరు వైపు ఎడగారు కోతలైన మడిలో, ఎండిపోయిన గట్టి నేలమీద కొట్టి చూశాను. అక్కడ ఆ కొత్త వెడ్జే బాగుంది. అంచు శుభ్రంగా బంతి కిందికి వెళ్ళింది, తగిలినప్పుడు చప్పుడు మెత్తగా వచ్చింది, చేతికి మంచి లోహం తగిలినట్టే తెలిసింది. నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది ఇదే. అది చెడ్డ వెడ్జ్ అయ్యుంటే ఆ రోజే పక్కన పడేసి నిశ్చింతగా ఉండేవాణ్ణి.

ఫోటోలూ రీడింగులూ సప్లయర్‌కి పంపాను. మొదట నీ గేజ్ తప్పన్నాడు. నా గేజ్ తప్పయితే పాత హెడ్‌లకి అదే గేజ్ 12 ఎట్లా చూపిస్తుందని అడిగాను. అప్పుడు, బౌన్స్ ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుందన్నాడు. ఒకటి రెండు డిగ్రీలకి నేనెప్పుడూ పేచీ పెట్టలేదు, 12 చోట 5 వస్తే అది అటూ ఇటూ కాదు, వేరే వెడ్జ్. చివరికి అతనన్న మాట ఇది: మీ ఊళ్ళో గోల్ఫ్ కోర్సే లేదు, కనిపెట్టేదెవరు, అమ్మేసెయ్. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. కోర్సు లేని ఊళ్ళో ఉండి ఆడేవాళ్ళు వారానికి ఒక్కరోజు ఆట కోసం మూడు గంటలకు పైగా కారులో పోతారు. వాళ్ళకి తెలియదనుకోవడం వాళ్ళని అవమానించడం, వాళ్ళకి వెడ్జ్ కట్టే నన్నూ అవమానించడం. వెనక్కి తీసుకోడట, డబ్బు ఇవ్వడట, వచ్చే లాట్‌లో తగ్గిస్తాడట. వచ్చే లాట్ అనేది లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఇంకా తగ్గిస్తానని కబురు పంపాడు. జవాబు ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

ఇక ఈ హెడ్‌లని ఏం చేయాలి? దీని మీద నేను పడ్డ మథనం అంతా ఇంతా కాదు. వంచి సరిచేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మెత్తటి స్టీలే, వంగుతుంది. కానీ లాఫ్ట్ ఒక డిగ్రీ వెనక్కి వంచితే బౌన్స్ ఒక డిగ్రీ పెరుగుతుంది. 6ని 12 చేయాలంటే 56 కాస్తా 62 అవుతుంది. 62తో శాండ్ వెడ్జ్ పని ఎట్లా చేస్తారు? ఒక పాత కస్టమర్ టంకం వేయమన్నారు. పాతకాలపు అమెరికన్ గోల్ఫర్ జీన్ సారజెన్ కథ ఆయనకు బాగా ఇష్టం. సారజెన్ తన క్లబ్బు అడుగున టంకం పోసి సోల్ మందం పెంచి, అట్లాంటి శాండ్ వెడ్జ్‌తోనే 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన మాట నిజమే. ఆయన తన ఒక్క క్లబ్బుని తన చేతికి సరిపోయేదాకా మార్చుకుంటూ పోయాడు. నేను ఇట్లా ఇన్ని హెడ్‌లకి పోస్తే బరువు ఒక్కోదానికి ఒక్కోలా పెరుగుతుంది, బరువు మారితే చేతికి తెలిసే ఊపు మారుతుంది, అప్పుడు మీకోసం ఎంచిన షాఫ్ట్‌కి అర్థం లేకుండా పోతుంది.

మిగిలింది ఒక్కటే దారి. 12 చెరిపేసి, అసలు బౌన్స్ ఎంతో అది కొట్టి, గట్టి నేల వెడ్జ్ అని చెప్పి తక్కువకి అమ్మేయడం. లెక్కలు చూసేది మా ఆవిడ, ఆమె ఇదే చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే అందులో మోసమేముంది, డబ్బంతా డబ్బాలో పెట్టి కూర్చుంటే అద్దె ఎవరు కడతారు అని. ఆమె మాటలో తప్పు లేదు, ఇప్పటికీ దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఒప్పుకోబోయాను కూడా. ఒక హెడ్ తీసి బెల్ట్ మీద అంకె చెరపబోతే తెలిసింది, ముద్ర లోతుగా ఉంది కాబట్టి అది పోవాలంటే సోల్ ఇంకా అరగాలి, సోల్ అరిగితే ఉన్న బౌన్స్ కూడా పోతుంది. చెరపకుండా అంకె మీద అంకె కొడితే రేపు మీరు ఆ వెడ్జ్ ఇంకొకరికి ఇచ్చినప్పుడు వాళ్ళు ఏ అంకె నమ్మాలి? పైగా రెండు హెడ్‌లు ఒక్కలా లేవు. ఒకాయన వాడి బాగుందంటే, ఆయన్ని చూసి కొన్న ఇంకొకాయనకి అది ఇంకోలా పనిచేస్తుంది, ఇద్దరి చేతిలోనూ నా ముద్రే ఉంటుంది.

అందుకే అమ్మడం లేదు. ఏ ధరకీ అమ్మను. హోసెల్ (షాఫ్ట్ దూర్చే గొట్టం) కోసేసి తుక్కుకి వేస్తున్నాను, ఎవరి చేతిలోనూ షాఫ్ట్ ఎక్కకూడదని. ప్లాంటు నుంచి వచ్చే సార్ ఒకరు షాపుకే వచ్చి, నేను ఆడేది గట్టి నేలమీదే, బాధ్యత నాది, ఒకటివ్వవయ్యా అని గట్టిగా అడిగారు. ఇవ్వలేదని నొచ్చుకుని వెళ్ళారు. సార్, మీ మీద గౌరవం ఏమీ తగ్గలేదు. మీకు తక్కువ బౌన్స్ కావాలంటే 56-8 సరిగ్గా కొలిచి తెప్పిస్తాను, అంతేగానీ 12 అని రాసి ఉన్నదాన్ని మీకైనా ఇవ్వను.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతులు. కొత్త చోట హెడ్‌లు మాట్లాడుకుంటున్నాను. ముందు శాంపిల్ వస్తుంది, దాన్ని కొలిచి ఇసుకలో కొట్టి చూశాకే ఆర్డర్. సంక్రాంతి తర్వాతే చేతికి వస్తాయి, అంతకన్నా ముందు అని ఎవరికీ మాటివ్వను. ఒక్కో వెడ్జ్‌కి 800 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి మాత్రం పాత ధరే, ఆ తేడా నేను పెట్టుకుంటాను, దాని గురించి దయచేసి బేరమాడకండి, ఎక్కువ ఇస్తామని కూడా అనకండి. ఇకనుంచి ప్రతి వెడ్జ్‌తోపాటు దాని లాఫ్ట్, లై, బౌన్స్ రాసిన కార్డు నా సంతకంతో వస్తుంది.

ప్లేటింగ్ లేని రా ఫినిష్ కూడా కొత్త లాట్‌లో ఆపేస్తున్నాను, శాటిన్ క్రోమ్ ఒక్కటే. మైపాడు వైపునుంచి వచ్చే ఉప్పుగాలికి రా ఫినిష్ రెండు వానలకే తుప్పెక్కుతుంది, తుప్పెక్కితే స్పిన్ పెరుగుతుందని అనుకునేవాళ్ళు ఉన్నారు గానీ స్పిన్‌కి కావలసింది పదునైన శుభ్రమైన గ్రూవ్స్, పొడి ఫేస్, యూరెథేన్ (మెత్తటి ప్లాస్టిక్) కవర్ ఉన్న బంతి. గడ్డి తడిగా ఉన్నప్పుడు ఎట్లాంటి ఫేస్ అయినా బంతి ఎత్తుగా లేచి స్పిన్ తగ్గుతుంది, గ్రీన్ మీద ఇంకొంచెం దొర్లుతుందని లెక్క వేసుకుని ఆడండి.

ఈ వానల్లో వెడ్జ్ లేక ఇబ్బందిపడేవాళ్ళకి నా దగ్గర పాత లాట్ డెమో వెడ్జ్‌లు ఉన్నాయి, అడిగి తీసుకెళ్ళండి, ఆడి తెచ్చివ్వండి, డబ్బేమీ వద్దు. మీ దగ్గరున్నది తక్కువ బౌన్స్ వెడ్జ్ అయితే ఫేస్ కాస్త తెరిచి పట్టుకోండి, తెరిచినకొద్దీ సోల్ కిందికి దిగి బౌన్స్ పెరిగినట్టే పనిచేస్తుంది. చేతులు బంతికన్నా మరీ ముందుకు నెట్టకండి, షాఫ్ట్ ముందుకు వాలితే ఉన్న బౌన్స్ కూడా పోతుంది.

నా దగ్గర ఇంతకుముందు కొన్న వెడ్జ్‌ల గురించి టెన్షన్ పడొద్దు, అవన్నీ కొలిచాకే ముద్ర వేసినవి. అయినా మీ తృప్తి కోసం, 12 అని ఉన్నదాన్ని గాజు బల్ల మీద షాఫ్ట్ నిలువుగా పెట్టి రూపాయి బిళ్ళ పెట్టి చూసుకోండి. అనుమానముంటే తీసుకురండి, మీ ముందే గేజ్‌లో పెట్టి చూపిస్తాను, వేరే చోట కొన్నవైనా సరే. సాయంత్రం ఐదు తర్వాత వస్తే బెంచ్ దగ్గరే ఉంటాను. సోల్‌కి అంటిన మట్టి మాత్రం కడిగి తీసుకురండి, దాంతో గేజ్ తప్పు చూపిస్తుంది.