తలకోనలో మా అమ్మకు తన చీర కట్టిన ఆమెకు...

అందరికీ నమస్కారం. అమ్మకు ఆపరేషన్ అయింది. చీలమండ దగ్గర ప్లేటు వేశారు. ఇప్పుడే నిద్రపట్టింది. నాకు మాత్రం పట్టడం లేదు, అందుకే ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

కార్తీక సోమవారం కదా అని తలకోన వెళ్లాం. సిద్ధేశ్వరస్వామి దర్శనం అయ్యాక జలపాతం దగ్గరికి పోదామని అమ్మ పట్టుబట్టింది. ఆ నీళ్లు అడవిలో మూలికలను తడుపుకుంటూ వస్తాయని, నెత్తిన పడితే ఒంటి నొప్పులు పోతాయని మా వైపు పెద్దవాళ్ల నమ్మకం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మొన్నటి వానలకు 270 అడుగుల పైనుంచి నీళ్లు హోరున దూకుతున్నాయి, పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. తానం చేసి వస్తుంటే పాచి పట్టిన బండ మీద అమ్మ కాలు జారింది. అరిచిందట, ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది! తిరిగి చూసేసరికి కూలబడి ఉంది, పాదం పక్కకు తిరిగిపోయింది.

జనం మూగారు. తలా ఒక సలహా. అమ్మ రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. నొప్పికి అనుకున్నాం అందరం. తడిసిన చీర ఒంటికి అంటుకుపోయింది, చుట్టూ మగవాళ్లు, వాళ్లలో ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. అమ్మ బాధేమిటో అంతమందిలో ఒక్క మనిషికే అర్థమైంది.

దారిలో ఉసిరికాయలు, జామకాయలు అమ్ముకునే ఆమె. గంప అక్కడే వదిలేసి వచ్చింది. "జరగండబ్బా దూరం! మీ ఇండ్లల్లో ఆడోళ్లు లేరా?" అని ఒక్క కేక. ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. కాయలు పోసుకునే పట్ట తెచ్చి ఒక కొస నాకు, ఒక కొస మా ఆవిడకు ఇచ్చి అడ్డం పట్టమంది. నన్ను మొహం అటు తిప్పుకోమంది. సంచిలోంచి తన చీర తీసింది. సాయంత్రం గుళ్లో దీపం పెట్టడానికి కట్టుకుందామని తెచ్చుకుందట, పచ్చంచు గళ్ల చీర, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అమ్మ తల తుడిచి, కాలు కదలకుండా కూర్చోబెట్టే చుట్టింది. పిన్నీసు లేకపోతే తన పైటది తీసి అమ్మ భుజానికి పెట్టింది. "ఏం గాదులేక్కా, సామి ఉండాడు" అంటూనే ఉంది. అప్పటిదాకా బిగబట్టుకున్నవాణ్ణి, ఆ పిన్నీసు చూసి ఏడ్చేశాను.

ఈలోగా కోతులు ఆమె గంపను చెల్లాచెదురు చేశాయి. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "చీరకు లెక్క కడతావా నాయనా? మీయమ్మ నడిచినాక పిల్చుకోని రా, కాయలు కొందురు" అంది. ఫోటో వద్దంది కాబట్టి పెట్టడం లేదు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన జలపాతం మాదేనని గొప్పగా చెప్పుకుంటాం. పర్యాటకం పర్యాటకం అంటారు. దెబ్బ తగిలిన మనిషిని మోసుకుపోవడానికి ఒక స్ట్రెచర్ ఉండదు. 108కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, ఒక కుర్రాడు బైకేసుకుని నెరబైలు వైపు పరుగెత్తాల్సి వచ్చింది. ఏ శాఖ కిందికి వస్తుందో నాకు అనవసరం, వేల మంది వచ్చే చోట ఒక స్ట్రెచర్, ఒక కట్టుకట్టే మనిషి, అంతే అడిగేది. భాకరాపేట ఘాట్ మలుపుల్లో అమ్మ మూలిగిన మూలుగు ఇంకా చెవుల్లోనే ఉంది.

మా ఆవిడ, తమ్ముడు, అక్కా బావ ఉండనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

దుప్పటిలో అమ్మను కింది దాకా మోసిన కాలేజీ పిల్లలకు, ఆ బైకు కుర్రాడికి చాలా థ్యాంక్స్. రాత్రి డ్యూటీలో అమ్మకు జడ వేసిన నర్సమ్మకు కూడా.

అయ్యో, ఇంకొకాయన ఉన్నారు. అమ్మ చెప్పులు, కళ్లజోడు ఏరుకొచ్చి మా కారులో వేసి వెళ్లారట. సీటు కింద కనపడ్డాయని తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆయనెవరో గానీ, ఆయనకూ దండాలు.