రోమన్ల లస్కర్లు: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను గోదావరి డెల్టా కాలువల మీద ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన ఇరిగేషన్ ఇంజినీరును. పోయిన ఏడాది కొన్నాళ్లు మా అమ్మాయి దగ్గర ఉండడానికి ఫ్రాన్స్ వెళ్లాను. అక్కడ దక్షిణాన గార్దోన్ నది మీద రోమన్లు కట్టిన నీటి వంతెన ఉంది. పేరు పాన్ దు గార్. దాన్ని చూసి వచ్చినప్పటి నుంచి మీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. మరమ్మతుల కోసం కాలువల్లో నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే రాసీ ఉపయోగం ఉండదు.

ముందు ఆ వంతెన గురించి చెప్పనివ్వండి. మూడు వరసల కమానులు, ఎత్తు దాదాపు 49 మీటర్లు. కింది రెండు వరసల్లో రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. ఆరేసి టన్నులున్న రాళ్లను కూడా చెక్కి, ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చోబెట్టారు. పరంజా ఆన్చుకోవడానికి బయటికి వదిలిన రాతి మొనలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పని నిన్ననే ఆపి కూలీలు ఇళ్లకు వెళ్లినట్టు అనిపించింది నాకు. ఇంత చేసీ ఆ వంతెన ఒక కాలువలో చిన్న ముక్క మాత్రమే. ఉజెస్ దగ్గరి ఊట నుంచి నీమ్ పట్టణం దాకా సుమారు 50 కిలోమీటర్ల కాలువ అది. ఎక్కువ భాగం భూమి లోపలే నడుస్తుంది. ఆ దూరం మొత్తానికీ వాలు 12 మీటర్ల చిల్లర, అంటే సగటున కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు. డెల్టాలో ఎండలో నిలబడి లెవెల్స్ తీసినవాళ్లకి ఆ అంకె ఎంత కష్టమో తెలుస్తుంది. నేనైతే ఆ రాళ్లకు చేతులెత్తి దండం పెట్టాను.

అయితే నా మనసు పట్టేసింది వంతెన ఎత్తు చూసినప్పుడు కాదు. పైకి తీసుకెళ్లి నీళ్లు పారిన కాలువ లోపల నడిపించారు. రెండు పక్కలా గోడలకు బండలాంటి సున్నపు పెచ్చు మందంగా పేరుకుని ఉంది. మన గీజర్లలో, నీళ్లు కాచే గిన్నెల్లో తెల్లగా కడుతుందే, అదే. ఆ పెచ్చును పొరలు పొరలుగా చదివినవాళ్లు ఉన్నారు. మొదటి కాలపు పొరలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాతి పొరల్లో మట్టి, చెట్ల వేళ్ల ఆనవాళ్లు కలిసి ఉన్నాయి. పైకప్పు పలకలు పగిలినా, వేళ్లు లోపలికి దిగినా పట్టించుకునే మనిషి లేకుండా పోయాడన్నమాట. కొన్ని వందల ఏళ్లకు కాలువ పూడుకుపోయింది, నీమ్‌కు నీళ్లు ఆగిపోయాయి. వంతెన మాత్రం, పై వరసలో కొన్ని కమానులు పోయినా, నది మీద నిలబడే ఉంది. అది నిలబడడానికీ కారణం ఉంది. తర్వాతి కాలంలో జనం దాని మీదుగా నది దాటేవారు, స్థానిక ప్రభువులు సుంకం వసూలు చేసుకునేవారు. ఆదాయం వస్తోంది కాబట్టి దాన్ని చూసుకున్నారు.

ఈ మధ్య రోమన్ల కట్టడాల మాటెత్తితే అందరూ కాంక్రీటు గురించే చెబుతారు. నిజమే, గొప్ప కాంక్రీటు. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పు, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు, దాదాపు 1,900 ఏళ్లుగా ఉంది. నేపుల్స్ దగ్గర పొజ్జువోలి అనే ఊరి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపేవారు. మనం ఇల్లు కట్టుకోవడానికి తెచ్చే పీపీసీ సిమెంటు బస్తా మీద ఉండే ‘పోజోలానా’ అన్న మాట ఆ ఊరి పేరు నుంచి వచ్చిందే. వాళ్లు కొండ బూడిద కలిపారు, మనం థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతున్నాం. అగ్నిపర్వతపు బూడిద దొరకని చోట వాళ్లు ఇటుక పొడి వాడారు. మన తాపీ మేస్త్రులు సుర్కీ అన్నదీ ఇటుక పొడినే. ఆ సున్నం పగుళ్లను తనంతట తానే పూడ్చుకోగలదని 2023లో ఒక పరిశోధన వచ్చింది. అయినా ఆ కాంక్రీటు, ఆ రాళ్లు నీమ్ పట్టణానికి నీళ్లు తెచ్చిపెట్టలేకపోయాయి కదండీ. నేను మీ దృష్టికి తేవాలనుకున్నది ఆ కాలువల మీద తిరిగిన మనుషుల గురించి.

క్రీ.శ. 97లో రోమ్ నగరానికి తొమ్మిది కాలువల నీళ్లు వచ్చేవి. నెర్వా చక్రవర్తి వాటి బాధ్యత ఫ్రాంటినస్ అనే ఆయనకు అప్పగించాడు. ఆయన అంతకుముందు బ్రిటన్ గవర్నరుగా చేసినవాడు, పెద్ద హోదా ఉన్నవాడు. కుర్చీలో కూర్చుని కిందివాళ్లు చెప్పిందల్లా వినాల్సిరావడం ఒక పెద్దమనిషికి సిగ్గుచేటు అనుకున్నాడు. కాలువలన్నీ తిరిగి, లెక్కలు తీసి, ఒక పుస్తకంగా రాసిపెట్టాడు. ఆ పుస్తకం మనకు దక్కింది. మన శాఖలో చేరే ప్రతి అసిస్టెంట్ ఇంజినీరు చేతా దాన్ని చదివించాలన్నది నా కోరిక.

రిజిస్టర్లు తెరవగానే ఆయనకు ఒక తేడా కనిపించింది. గొట్టం సైజుతో లెక్కకట్టే క్వినారియా అనే కొలతలో, వచ్చిన నీరు 12,755 అని ఉంది. పంచిన నీరు 14,018 అని ఉంది. వచ్చినదానికంటే ఎక్కువ ఎలా పంచుతారు? కాలువలు మొదలయ్యే తలకట్టు దగ్గర స్వయంగా కొలిపించాడు. రిజిస్టరులో రాసినదానికి మించి దాదాపు పదివేల క్వినారియాలు వస్తున్నట్టు తేలింది. అంత నీరూ దారిలోనే మాయమవుతోంది. అనుమతికి మించిన గొట్టాలు, ముద్ర లేని గొట్టాలు, వీధుల కింద దాచిన దొంగ గొట్టాలు బయటపడ్డాయి. గట్టుకు కన్నం పెట్టి పైపు దూర్చడం మన దగ్గర కొత్తగా పుట్టిన విద్యేమీ కాదు.

ఆయన కింద 700 మంది ఉండేవారు. అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా కాలం నాటి దళం 240, క్లాడియస్ చక్రవర్తి చేర్చినది 460. తొట్ల దగ్గర ఉండేవాళ్లు, గచ్చు చేసేవాళ్లు, రాళ్లు పరిచేవాళ్లు, కాలువ వెంట తిరిగి చూసే సర్కిటోర్లు. ఈ సర్కిటోరు అన్న మాట చదివినప్పుడు కాలువ గట్ల మీద కాపలా తిరిగే మా లస్కర్లే కళ్లముందు కదిలారు. ఈ 700 మందీ బానిసలు, ఆ సంగతి దాచి రోమ్‌ను పొగడడం తప్పు. వాళ్లను కూడా పైవాళ్లు సొంత పనులకు వాడుకునేవారట. ఫ్రాంటినస్ ఏం చేశాడంటే, రేపు ఏ దళం ఏ పని చేయాలో ముందురోజే రాయించాడు, రోజూ ఏం చేశారో మళ్లీ రాయించాడు. నీటి హక్కుల మీద ఏటా వచ్చే సుమారు రెండున్నర లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) ఆదాయం అంతకుముందు చక్రవర్తి సొంత ఖజానాకు పోయేది. నెర్వా దాన్ని తిరిగి ప్రజలకు ఇచ్చాడు. మరమ్మతుకు కాలువ కట్టేయాల్సి వస్తే ఒకసారి ఒక్కటే కట్టేయాలని, నీటి అవసరం తక్కువున్న రోజుల్లోనే కట్టేయాలని, సామాను ముందే సిద్ధం చేసుకుని వీలైనంత త్వరగా నీళ్లు వదలాలని నియమం. కమానులకు రెండు పక్కలా 15 అడుగుల దాకా చెట్టు ఉండకూడదని చట్టం.

మంత్రి గారూ, మన క్లోజర్ పనులు, అంటే కాలువ కట్టేసి చేసే మరమ్మతులు, ఎలా జరుగుతాయో మీకు నేను చెప్పాలా? ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తాం. అంచనాలు అప్పటికి టేబుళ్ల మీదే ఉంటాయి. టెండర్లు, అగ్రిమెంట్లు అయ్యేసరికి మే సగం దాటుతుంది. జూన్‌లో నీళ్లు వదలాలి. నా సర్వీసులో ఎన్నిసార్లో పూడిక సగం తీసి, గుర్రపుడెక్క పైపైన లాగేసి, రేపు ఎక్కడ గండి పడుతుందోనన్న టెన్షన్‌తో షట్టర్లు ఎత్తించాను.

నా సెక్షన్‌లో ఒక లస్కరు ఉండేవాడు. వర్షాకాలం రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని తన రీచ్, అంటే తనకు అప్పగించిన కాలువ ముక్క, మొత్తం నడిచేవాడు. ఒకసారి తెల్లవారుజామున నన్ను లేపి, “ఊట తేటగా ఉన్నంతసేపూ భయం లేదండి. ఇయ్యాల మాసి వస్తోందండి, గట్టు లోపల మట్టి కరుగుతోందండి” అన్నాడు. ఇసుక బస్తాలు వేయించి ఆపాం. ఎండ్రకాయ బొరియ అది. ఏ పుస్తకమూ నాకు అది నేర్పలేదు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. పక్క రీచ్ మనిషికే ఇన్‌ఛార్జి ఇచ్చారు. రెండేళ్లకు సరిగ్గా ఆ రీచ్‌లోనే గండి పడింది. నాట్లు వేసి వారం కూడా కాని పొలాలు మునిగాయి. గట్టు మీద నిలబడి ఒక రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

నేను అడిగేవి పెద్దవి కావు. కాలువ మీద తిరిగే మనిషిని మళ్లీ పెట్టండి. మైళ్లకు మైళ్లు ఒకరికి అప్పగించకుండా, రాత్రి నడవగలిగినంత దూరమే ఇవ్వండి. ఆ మనిషిని ఎవరి ఇంటి పనికీ, ఆఫీసు పనికీ పంపకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. మరమ్మతు డబ్బు, అంచనాలు, టెండర్లు జనవరికల్లా పూర్తికావాలి, కాలువ కట్టేసిన మర్నాడే పలుగు పడాలి. కాలువ మొదట్లో హెడ్ దగ్గర ఎంత వదిలారో, చివర్లో టెయిల్ దగ్గర ఎంత చేరిందో వారంవారం పంచాయతీ బోర్డు మీద రాయించండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే మధ్యలో ఏం జరుగుతోందో ఊరివాళ్లే చెబుతారు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

కొత్త ప్రాజెక్టులు వద్దని నేను అనడం లేదు. నా జీవితమంతా కట్టడాల పక్కనే గడిచింది. ధవళేశ్వరంలో 1852కి పూర్తయిన పాత ఆనకట్ట నూరేళ్లకు పైగా ఈ డెల్టాకు అన్నం పెట్టిందంటే, వరద వచ్చి వెళ్లిన ప్రతిసారీ దెబ్బతిన్న చోటును ఎవరో ఒకరు చూసి రాళ్లు వేయించారు కాబట్టే. శిలాఫలకాల మీద వాళ్ల పేర్లు లేవు.

ఈసారి కాలువలు కట్టేసిన మొదటి వారంలో ఏదైనా ఒక పిల్లకాలువ ఎంచుకుని, కార్ల వరస లేకుండా, హెడ్ నుంచి టెయిల్ దాకా గట్టు మీద నడవండి. కబురు చేస్తే నేను వస్తాను. ఆ లస్కరుకు ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. మొన్న అడిగితే తనూ వస్తానన్నాడు. బొరియలు ఎక్కడెక్కడ పడతాయో ఆయనకు ఇంకా గుర్తున్నాయి.

విధేయుడు,
ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీరు